అటువైపు శాండ్‌విచ్

నలుగురు తిన్న చోట నాలుగు మాటలు పుడతాయంటారు. గోమ్స్ శాండ్‌విచ్ రూమ్ అండ్ బార్ విషయంలో నాలుగు కాదు, నాలుగొందలు పుట్టాయి, అన్నీ ఒకదాన్నొకటి పొడుచుకునేవే. ఆదివారం ఆరాధన ముగించుకొచ్చి, మణికొండ అపార్ట్‌మెంటు హాల్లో సోఫా మీద కాళ్ళు ముడుచుకుని కిరణ్ పాల్ ఆ మాటల్ని ఫోన్‌లోంచి పైకి చదువుతున్నాడు. వింటున్నది ఆయన అత్తగారు ఎలిజబెతమ్మ. ఆవిడ ముందు ప్లేట్లో, యాప్‌లో ఆర్డరిస్తే ఇప్పుడే వచ్చిన గోమ్స్ వారి చికెన్ శాండ్‌విచ్ ఉంది.

"వినండత్తయ్యా. ఒకాయన రాశాడు, 'చిన్నప్పుడు సికింద్రాబాద్‌లో మా నాయనమ్మతో కలిసి తిన్న రుచే. వెన్నలాగా ఉంది, ఏమీ మారలేదు' అని ఐదు స్టార్లు. దాని కిందే ఇంకొకాయన, 'అరవై ఏళ్ళ చరిత్ర అని బోర్డు పెట్టి దవాఖానా తిండి పెడుతున్నారు, పాత ఘాటు ఏది, సిగ్గుండాలి' అని ఒకే ఒక్క స్టారు. ఇద్దరూ పెద్దవాళ్ళే. ఇద్దరూ పాత కస్టమర్లమే అంటున్నారు. ఎవర్ని నమ్మాలి?"

"ఇద్దర్నీ నమ్ము బాబూ" అంది ఎలిజబెతమ్మ. ఒక ముక్క కొరికి, నమిలి, మిగతాది ప్లేట్లో పెట్టేసింది. "ఇది కాదే స్టెల్లా."

వంటింట్లోంచి కూతురు స్టెల్లా విసురుగా వచ్చింది. తల్లి ఈమధ్య అన్నం సరిగ్గా తినడం లేదు. ఏం తినాలనుందమ్మా అంటే, నాన్న శనివారం శనివారం తెచ్చే శాండ్‌విచ్ అంది. సరే కదా అని తెప్పిస్తే ప్రతిసారీ ఇదే మాట.

"హోటల్ అదే, పేరదే, కాగితం మీద గుర్రం బొమ్మ కూడా అదే. ఇది కాకపోతే ఇంకేదమ్మా? ఎలా ఉండాలో చెప్తే కదా నాకు తెలిసేది."

ఎలా ఉండాలో ఎలిజబెతమ్మకు చక్కగా తెలుసు. చెప్పడమే కుదరదు. నోరు తెరిస్తే పోయిన మొగుడి పరువు పోతుంది, మూసుకుంటే రుచి పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే మరి.

అసలు సంగతి ఏమిటంటే, సికింద్రాబాద్‌లో పాత గోమ్స్‌కి వంటగది ఒక్కటే గానీ తలుపులు రెండు. పెద్ద వీధి వైపు తలుపు బార్‌ది. పక్క సందులో తలుపు ఫ్యామిలీ రూముది. మధ్యలో గోడ. చర్చి వాళ్ళు, టీచర్లు, నర్సులు, పిల్లల్ని వెంటేసుకున్న తల్లులు సందులోంచి వచ్చి, తిని, సందులోంచే పోయేవాళ్ళు. వీధి తలుపు వైపు తల తిప్పి చూడటం కూడా పాపమే వాళ్ళకి. అటు తలుపులోంచి ఆడవాళ్ళు లోపలికి రాకూడదని ముసలి గోమ్స్ దొర గట్టి నియమం. వంటగదికి అటొక కిటికీ, ఇటొక కిటికీ. ఇటు కిటికీలోంచి వచ్చే శాండ్‌విచ్‌లో చికెన్, వెన్న, కీరదోస ముక్కలు. అటు కిటికీలోంచి పోయే దాంట్లో అదే చికెన్‌కి ఆవపిండీ ఎండుమిరపకాయా నూరి దట్టంగా పట్టించేవాళ్ళు, ఎందుకంటే మందులోకి ఆ మాత్రం ఘాటు లేకపోతే తాగేవాళ్ళు ఊరుకోరు. గోడకి ఇటువైపు వాళ్ళకి అటుదాని సంగతి తెలియదు, అటువాళ్ళకి ఇటుదాని సంగతి తెలియదు. ఎవరికి వారు తాము తిన్నదే గోమ్స్ శాండ్‌విచ్ అనుకుంటూ ముసలివాళ్ళయిపోయారు. ఇప్పుడు ఫోన్లలో కొట్టుకు చస్తున్నది ఆ రెండు గుంపులే.

ఎలిజబెతమ్మ భర్త సామ్యేలు గారు రైల్వే అకౌంట్స్‌లో పనిచేసేవారు. చర్చిలో పెద్ద. తొడిగిన చొక్కా మడత నలగని మనిషి, నవ్వు కూడా అంతే, పొదుపు. శనివారం సాయంత్రం క్వయర్ ప్రాక్టీసని వెళ్ళి, దీపాలు పెట్టే వేళకి చేతిలో కాగితం పొట్లంతో వచ్చేవారు. పొట్లంలో సగం శాండ్‌విచ్. తన సగం అక్కడే తినేశానని చెప్పేవారు. అది తింటే ఎలిజబెతమ్మకు ముక్కులోకి ఆవఘాటు ఎక్కి కళ్ళమ్మట నీళ్ళు కారేవి. గుంటూరు పిల్ల కదా, ప్రాణం లేచొచ్చేది. చిన్న స్టెల్లా చెయ్యి చాపితే, నీకు కారమమ్మా అని అంచు రొట్టె మాత్రం తుంచి ఇచ్చేది.

పెళ్ళయిన కొన్నేళ్ళకు స్త్రీల సమాజం వాళ్ళందరూ కలిసి గోమ్స్ ఫ్యామిలీ రూముకి టీకి వెళ్ళారు. ఎలిజబెతమ్మ సంబరంగా శాండ్‌విచ్ కొరికి, ఇదేమిటి చప్పగా ఉంది, ఆవ లేదా అని వడ్డించే ఆయన్ని అడిగింది. "అది అటు పోతదమ్మా, బార్‌ల కూసునేటోళ్ళకు. ఇటు ఇయ్యం" అన్నాడు. పక్కనున్న ఆడవాళ్ళు కేకు ధర గురించి మాట్లాడుకుంటున్నారు, ఎవరూ వినలేదు. ఎలిజబెతమ్మ టీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

కోపం రాలేదా అంటే వచ్చింది. రెండు మూడు వారాలు లోపల్లోపల కుతకుతలాడింది. కానీ శనివారం ఆయన ఇంటికొచ్చే తీరు చూసి నోరు రాలేదు. నోట్లో లవంగం నములుతూ, ఏదో పాత పాట కూనిరాగం తీస్తూ, ఆఫీసులో జరిగిన వింతలన్నీ చెప్పి తనే పకపకా నవ్వేవారు. వారమంతా అంకెల్లో బిగుసుకుపోయిన మనిషి ఆ ఒక్క సాయంత్రం మనిషయ్యేవారు. తూలింది లేదు, ఒక మాట జారింది లేదు. ఒక్క గ్లాసు మనిషి అని ఆమెకు అర్థమైపోయింది. మద్యనిషేధం పెట్టిన ఆ రెండేళ్ళూ పొట్లంలో చప్పటి శాండ్‌విచ్ వచ్చింది, చప్పటి మొగుడు వచ్చాడు. నిషేధం ఎత్తేసిన వారమే పొట్లంలో ఆవఘాటు, గుమ్మంలో నవ్వు రెండూ తిరిగొచ్చాయి. స్త్రీల సమాజం కార్యదర్శిగా మద్యం దుకాణాలు మళ్ళీ తెరిచినందుకు ఆ వారం కన్నీటి ప్రార్థన చేయించిన మనిషి, ఇంటికొచ్చి శాండ్‌విచ్ తిని హాయిగా నిద్రపోయింది. దేవుడికన్నీ తెలుసు.

ఆమె బాధ ఆయన తాగినందుకు కాదు. ఆ నవ్వు ఎక్కడ మొదలవుతుందో ఆ చోటు తాను చూడనందుకు. ఇంటికొచ్చేసరికి ఆ నవ్వు సగం అయిపోయేది, శాండ్‌విచ్ లాగానే. మొదటి సగం ఏ బల్ల దగ్గర, ఎవరి పక్కన కూర్చుని నవ్వేవారో. ఒక్క శనివారం నన్ను కూడా తీసుకెళ్ళండి అని అడగాలని ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే తనకు తెలుసని ఆయనకు తెలిసిపోతుంది, ఆ తర్వాత ఆయన వెళ్ళనే వెళ్ళరు. అందుకని అడగలేదు. అడక్కుండానే ఆయన వెళ్ళిపోయారు, సమాధి మీద గడ్డి కూడా మొలిచింది.

ఇక ఇప్పుడు చెబుదామా అంటే, కూతురు స్టెల్లా తండ్రి పేరిట ఏటా మద్యపాన వ్యతిరేక సభ పెడుతుంది. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ పెడుతుంది. ఫ్లెక్సీ మీద సామ్యేలు గారి నిలువెత్తు ఫోటో, కింద 'చుక్క ముట్టని జీవితం' అని అక్షరాలు. ముందు వరసలో ఎలిజబెతమ్మ తల వంచుకుని కూర్చుంటుంది. పాపం దుఃఖం ఆపుకోలేకపోతోంది అనుకుంటారు జనం. ఆవిడ ఆపుకునేది నవ్వు. ఇంటికొచ్చాక మాత్రం ఏడుస్తుంది, అది వేరే సంగతి.

"ఇలా పార్సిళ్ళు తెప్పిస్తే కాదు గానీ, శనివారం మనమే వెళ్దాం పదండత్తయ్యా" అన్నాడు కిరణ్ పాల్. "హైటెక్ సిటీలోనే కదా. వేడివేడిగా తింటే రుచి తెలుస్తుంది."

"అది బార్ కిరణ్" అంది స్టెల్లా. "అక్కడ గోడా లేదు గీడా లేదు, అందరూ ఒకే హాల్లో కూర్చుంటారట. అమ్మని అక్కడ కూర్చోబెడతావా?"

"నేనేమైనా తాగుతానన్నానా?" అంది ఎలిజబెతమ్మ. "వెళ్దాం. నాకు వెళ్ళాలని ఉంది." ఆవిడ ఏదైనా కావాలని అడిగి చాలా కాలమైంది. అందుకే స్టెల్లా ఇంకేమీ అనలేకపోయింది.

శనివారం సాయంత్రం బయల్దేరారు. బయోడైవర్సిటీ కూడలి దగ్గర కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడిపోతే, ఆలస్యమైపోతోందని ఎలిజబెతమ్మ కిటికీలోంచి తొంగి తొంగి చూసింది. ఎవరో తనకోసం అక్కడ కూర్చుని ఎదురుచూస్తున్నట్టే ఉంది ఆవిడ కంగారు. పెట్టెలో దాచిన నీలం పట్టుచీర కట్టుకుంది. శాండ్‌విచ్ తినడానికి పట్టుచీరేమిటమ్మా అని స్టెల్లా నవ్వితే, ఉన్నది కట్టుకోకపోతే చిమ్మటలు తింటాయి అంది.

పాత బిల్డింగు పడగొట్టాక గోమ్స్ ఇక్కడికి, గాజు మేడలో మూడో అంతస్తుకి మారింది. లిఫ్టు దిగితే ఒకే తలుపు. లోపల ఒకే హాలు. మెడలో ఐడీ కార్డులు వేసుకున్న పిల్లలు ఒకవైపు బీరు తాగుతున్నారు, ఇంకోవైపు ఒక కుటుంబం పుట్టినరోజు కేకు కోస్తోంది. పక్క బల్ల దగ్గర తెల్ల మీసాల ఆయన ఒకరు ప్లేటు వెనక్కి తోసి వెయిటర్‌తో గొడవ పడుతున్నాడు, ఇది గోమ్స్ కాదు, రొట్టెలో గడ్డి పెట్టారని. ఆ వెనక బల్ల నుంచి ఒక పెద్దావిడ, మీ నాలుక చెడిపోయింది బాబూ, ఇది అచ్చం పాతదే, నేను కాలేజీ రోజుల నుంచి తింటున్నాను అంటోంది.

గొడవ సర్దడానికి యజమాని లక్ష్మీనారాయణ వచ్చాడు. మూసాపేట మనిషి, గోమ్స్ దొర దగ్గర మేనేజరుగా చేరి, దొర పోయాక హోటల్‌ని తనే తీసుకున్నాడు. తల నెరిసింది గానీ నడకలో చురుకు తగ్గలేదు. మీసాలాయనకి సర్ది చెప్పి, వెనక్కి తిరిగి వీళ్ళ బల్ల దగ్గర ఆగి దణ్ణం పెట్టాడు.

"ఏం జెయ్యాలె చెప్పున్రి సార్. గోడ ఉన్ననాడు అందరు ఖుషీగ ఉండిరి. గోడ తీసేసినంక ఎవ్వరు ఖుషీ లేరు. రెండు తీర్లు ఎందుకు, ఒక్కటే పెట్టున్రి అన్నరు కొత్తగ వచ్చిన కన్సల్టెంట్లు. ఫ్యామిలీలు ఎక్కువొస్తున్నరని ఇటుదే పెట్టిన. ఇగ రోజూ తిట్లే."

"రెండు తీర్లేమిటండీ?" అన్నాడు కిరణ్ పాల్.

ఇంత దూరం వచ్చాక, ఇంత దగ్గరగా ఆ రుచి తెలిసిన మనిషి నిలబడ్డాక, అడక్కుండా చప్పటిది తిని వెళ్ళిపోవడం ఎలిజబెతమ్మ వల్ల కాలేదు. "బాబూ, ఆ అటువైపుది, ఆవపెట్టినది, ఒక్కటి చేయించగలరా?" అంది చిన్నగా.

లక్ష్మీనారాయణ కళ్ళు పెద్దవయ్యాయి. "చేపిస్తనమ్మా, దానికేంది. నేనే కలిపిస్త. గని అటుదాని ముచ్చట మీకెట్ల ఎరుక? అది బార్‌ల తప్ప ఇయ్యకపోదుము గద."

కిరణ్ పాల్ మంచివాడు. మంచివాళ్ళు ఎప్పుడు మాట్లాడకూడదో సరిగ్గా అప్పుడే మాట్లాడతారు. "మా మామగారు తెచ్చేవారండీ, శనివారం శనివారం. రైల్వే అకౌంట్స్ సామ్యేలు గారని, మీకు గుర్తుంటారేమో."

"సామ్యేలు సారా!" లక్ష్మీనారాయణ మొహం విప్పారింది. "గుర్తుండకపోవుడేంది సార్, ఆ మూల బల్ల కాడ కూసొని సారు..."

స్టెల్లా చేతిలోని నీళ్ళ గ్లాసు మధ్యలో ఆగింది.

"ఆ మూల బల్ల దగ్గర కూర్చునేది నేనండి" అంది ఎలిజబెతమ్మ.

నలభై ఏళ్ళు సండే స్కూల్లో పిల్లలకి అబద్ధమాడకూడదని నేర్పిన నోరు అది. అది ఆ మాట అనేసింది, అని వెనక్కి కూడా తీసుకోలేదు. "ఆయన ఇటు ఫ్యామిలీ రూములో టీ తాగుతూ నాకోసం కూర్చునేవారు. అటు వెళ్ళింది నేను. మీకు గుర్తున్నానో లేదో. పైన ఫ్యాను కిర్రుమనేది. కిటికీలోంచి వీధి దీపం వెలుతురు బల్ల మీద పడేది. నేను గోడ వైపు మొహం పెట్టి కూర్చునేదాన్ని. పక్క బల్లల వాళ్ళ మాటలకి నవ్వుకునేదాన్ని." ఏ రోజూ చూడని ఆ గదిని ఆమె చూసినదానికన్నా వివరంగా చెప్పింది. ఎన్ని శనివారాలు ఇంట్లో కూర్చుని ఆ గదిని కట్టుకుందో మరి.

లక్ష్మీనారాయణ ఆమె మొహం చూశాడు. నెత్తురు చుక్క లేని స్టెల్లా మొహం చూశాడు. గోమ్స్ దొర ఉన్నన్నాళ్ళు ఆ తలుపులోంచి ఒక్క ఆడమనిషి కూడా లోపలికి రాలేదని అతనికి కాక ఎవరికి తెలుసు? కాసేపు మీసం సవరించుకున్నాడు.

"యాదికొచ్చిన్రమ్మా" అన్నాడు నెమ్మదిగా. "ఎట్ల మర్చిపోత. గా మూల బల్లనే. సారు ఇటు చాయ్ తాగుతుండె, మీరు అటు." ఆ మాట అని, తనే ఆవ కలపడానికి వంటగదిలోకి పోయాడు.

స్టెల్లా గ్లాసు కింద పెట్టింది. "నువ్వు బార్లో కూర్చున్నావా అమ్మా?"

"కూర్చున్నాను."

"తాగావా?"

"ఒక్క గ్లాసు. అంతకు మించి ఎప్పుడూ లేదు."

"శనివారం నువ్వు ఇంట్లోనే ఉండేదానివి కదా."

"నువ్వు పియానో క్లాసుకి వెళ్ళిన వేళలో వెళ్ళొచ్చేదాన్ని. నువ్వొచ్చేసరికి ఇంట్లో ఉండేదాన్ని, నాన్న వెనకాల పొట్లం తెచ్చేవారు." ఒక అబద్ధానికి పది అబద్ధాలు తోడు కావాలంటారు, అవి వాటంతటవే వరస కట్టుకు వస్తున్నాయి. కిరణ్ పాల్ మెనూ కార్డులో తల దూర్చేశాడు.

"నాన్నకి తెలుసా?" అంది స్టెల్లా. ఈ ప్రశ్న దగ్గర ఆమె కళ్ళు నిండిపోయాయి.

"తెలుసు. మొదట్నించీ తెలుసు."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదే. వారమంతా చాకిరీ చేసే మనిషి, ఒక్క గంట నవ్వుకుంటే నాదేం పోయింది అనుకున్నారు. తెలిసినట్టు కూడా కనపడలేదు, నేనెక్కడ సిగ్గుపడి మానేస్తానో అని. ఆయనకి నేనంటే అంత ఇష్టం."

ఇన్నేళ్ళు తాను దాచుకున్నదంతా, తన ఓర్పూ తన ప్రేమా అన్నీ తీసి ఆయన పేరున రాసేసింది. మీ నాన్నని నేను అలా ప్రేమించానే అని ఒక్కసారి ఎవరితోనైనా చెప్పుకోవాలని ఎంత కోరికగా ఉండేది. తీరా చెప్పుకునే వేళకి, అది ఆయన చేసిన పనిగా చెప్పుకుంది.

"నాన్న అంత గొప్పవాడని నాకు తెలియదు" అంది స్టెల్లా. ఆ తర్వాత, తల్లి వైపు చూడకుండా, "ఈ ఏడు సభలో నువ్వు ప్రార్థన చెయ్యొద్దులే అమ్మా. నేను వేరే ఎవరినైనా అడుగుతాను" అంది.

"అలాగే" అంది ఎలిజబెతమ్మ. మనసు నొచ్చింది. కానీ ఫ్లెక్సీ మీద ఆయన అలాగే ఉంటారు.

శాండ్‌విచ్ వచ్చింది. ఆమె రెండు చేతులతో పట్టుకుని కొరికింది. ఆవఘాటు ముక్కులోంచి నడినెత్తికెక్కింది. కళ్ళమ్మట ధారగా నీళ్ళు కారాయి. మంచినీళ్ళు తాగమ్మా అని అల్లుడు గ్లాసు జరిపితే వద్దని చెయ్యి ఊపింది. అదే రుచి. లవంగం వాసన ఒక్కటే తక్కువ. సగం తినేసరికి అలవాటుగా చెయ్యి ఆగిపోయింది, ఎప్పుడూ తిన్నది సగమే కదా. ఈసారి మిగతా సగం కూడా తీసుకుంది, కూతురు చూస్తుండగానే మెల్లగా, ముక్క మిగల్చకుండా తినేసింది.

బిల్లు కట్టాక, కారు తెస్తానని కిరణ్ పాల్ కిందికి వెళ్ళాడు. స్టెల్లా కూడా అతనితోనే వెళ్ళింది. తల్లితో ఒక్కతే నిలబడటం ఆమెకు ఇప్పుడు కష్టంగా ఉంది. ఎలిజబెతమ్మ లిఫ్టు దగ్గర గోడకి చెయ్యి ఆనించి నిలబడితే లక్ష్మీనారాయణ వెనకే వచ్చాడు.

"అమ్మా, ఒక్క మాట. బిడ్డ ముంగట చెప్పలేకపోయిన." చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ చుట్టూ చూశాడు. "సారు ఒక్కపారి గోమ్స్ దొరను అడిగిండు. మా ఇంటామెను ఒక శనివారం ఇటు తోలుకొస్త, మూలకు కూసుంటం, ఎవ్వరికి తక్లీఫ్ ఉండదు అన్నడు. దొర ఒప్పుకోలే. ఆడోళ్ళు ఇటు రావొద్దు, నీకొక్కనికి ఎట్ల ఒప్పుకుంట అన్నడు. ఆ దినం సారు గ్లాసు అట్లనే ఇడిసిపెట్టి పొట్లం వట్టుకొని పోయిండు."

ఎలిజబెతమ్మ అతని మొహంలోకి చూసింది. ఇందాక బల్ల దగ్గర కూడా ఈయన ఇంత తేలిగ్గానే, ఇంత దయగానే తనకోసం లేని మాట చెప్పాడు. ఇది కూడా అలాంటిదేనేమో. నిజంగానా అని అడిగితే, ఈ మనిషి నిజమేదో చెప్పేసేలా ఉన్నాడు. అందుకని అడగలేదు.

చేతిలో ఫోను మోగింది. కారొచ్చింది, రా అమ్మా అని స్టెల్లా. వస్తున్నానే అంది. లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకుని, కాసేపు ఆగి, మూసుకుపోయాయి. ఆమె ఎక్కలేదు.

"ఆ బల్ల దగ్గర ఆయన నా గురించి ఇంకేమనేవారండీ?" అంది.